గంటకు ఇన్ని అని తాళం వేస్తే ఇన్సాఫ్ కాదు, ఊరికో లైన్ పెట్టండి



మాట సాఫ్‌గా మొదలుపెడతాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో దుకాణాలకు, స్కూళ్లకు, కాలేజీలకు, ట్రావెల్స్ ఆఫీసులకు వెబ్‌సైట్ కట్టిచ్చే భాయీలు దాంతోపాటే ఈమెయిల్ కూడా అమ్ముతారు. ఆ అమ్మకంలో మామూలుగా రెండు రకాల మాల్ ఉంటుంది. ఒకటి 'అన్‌లిమిటెడ్'. ఎన్నయినా పంపు, ఎంత జోరుగానైనా పంపు, అడిగేవాడు లేడు. రెండోది 'గంటకు ఇన్ని'. మీ పేరు మీద గంటలో ఇన్ని మెయిళ్లు దాటితే తలుపు బంద్. మొదటిది లాపర్వాహీ. రెండోది చూడ్డానికి పద్ధతిగా కనిపిస్తుంది గానీ అసలు జుల్మ్ అందులోనే ఉంది. తప్పు చేసినవాణ్ణీ చేయనివాణ్ణీ అది ఒకే తాడుతో కట్టేస్తుంది.

నా దావా ఒక్కటే. బయటికి పోయే మెయిల్‌కు కళ్లెం వెయ్యాల్సిందే. కానీ ఆ కళ్లెం పంపేవాడి గొంతుకు కాదు, మెయిల్ చేరాల్సిన ఊరి దారికి వెయ్యాలి. జీమెయిల్‌కు పోయేవి జీమెయిల్ లైన్లో మెల్లగా పోవాలి. యాహూకు పోయేవి యాహూ లైన్లో పోవాలి. ఏదో కంపెనీకో, ఏదో యూనివర్సిటీకో పోయే ఒంటరి ఖత్ ఎవరి వెనకా నిలబడకుండా వెంటనే పోవాలి. ఇదేదో కంప్యూటరోళ్ల ముచ్చట అని పేజీ మూసేయకండి. మన పిల్లల నౌకరీ కాగితాలు పోయేది ఈ లైన్లలోనే.

బస్టాండ్ చూసి నేర్చుకోండి

మీరు 'పంపు' బటన్ నొక్కితే మెయిల్ నేరుగా ఎదుటివాళ్ల ఫోన్లోకి ఎగిరిపోదు. ముందు మన సర్వర్ దాన్ని తీసుకుని క్యూలో పెడుతుంది. యాట్ గుర్తు తర్వాత ఉన్న పేరు చూస్తుంది. ఆ పేరుకు సంబంధించిన సర్వర్ ఎక్కడుందో కనుక్కుంటుంది. వెళ్లి తలుపు తడుతుంది. అవతలివాడు తీసుకుంటే ఖుషీ. 'ఇప్పుడు కాదు, తర్వాత రా' అంటే మెయిల్ మళ్లీ క్యూలోకి వస్తుంది. 'ఇలాంటివాడు ఇక్కడ లేడు, వెళ్లిపో' అంటే వాపస్ వస్తుంది. ఈ జవాబులకు నంబర్లున్నాయి. నాలుగుతో మొదలైతే 'తర్వాత రా', ఐదుతో మొదలైతే 'రాకు'. ఈ తరీఖా 1982లో జాన్ పోస్టెల్ రాసిన కాగితం నుంచి నేటి వరకూ అలాగే నడుస్తోంది.

ఇప్పుడు సూర్యాపేట బస్టాండ్‌ను తలచుకోండి. సంక్రాంతి ముందు విజయవాడ వైపు పోయే జనం కిక్కిరిసి ఉంటారు. అటు జాతీయ రహదారి 65 మీద టోల్‌గేట్ల దగ్గర కార్లు బారులు తీరి ఉంటాయి. ఆ రోజు డిపో వాళ్లు 'ఇవాళ బస్టాండ్ నుంచి గంటకు ఇంతమందే బయటికి పోవాలి, అందరూ ఒకే లైన్లో నిలబడండి' అన్నారనుకోండి. మిర్యాలగూడ పోయే ముసలి దాదీ, విజయవాడ పోయే వెయ్యిమంది వెనక నిలబడాలి. ఆమె దారి ఖాళీ. ఆమె బస్సు ఖాళీ. అయినా ఆమె నిలబడాలి. దీన్ని ఎవరైనా ఇంతెజామ్ అంటారా? అందుకే బస్టాండ్‌లో ఊరికో ప్లాట్‌ఫారం ఉంటుంది. విజయవాడ రద్దీ విజయవాడ వాళ్లకే. మిర్యాలగూడ బస్సు దాని టైముకు అది కదులుతుంది.

'గంటకు ఇన్ని' అనే లిమిట్ సరిగ్గా ఆ ఒకే లైన్. సీప్యానెల్ లాంటి హోస్టింగ్‌లో ఒక డొమైన్ గంటకు గరిష్ఠంగా ఎన్ని మెయిళ్లు పంపొచ్చో ఒక్క గడిలో అంకె వేసే వీలుంటుంది. అమ్మేవాడు ఆ గడి నింపి నిద్రపోతాడు. ఎవరికి పోతున్నాయి, ఏ దారిలో పోతున్నాయి, ఎవరు తలుపు వేశారు అన్న హిసాబ్ ఆ గడికి తెలియదు.

నష్టపోయేది ఎవరు

ఇలా అనుకోండి. కోదాడ దగ్గర ఒక కాలేజీ. పాత, కొత్త విద్యార్థులు, తల్లిదండ్రులు కలిపి దాని లిస్టులో ఆరువేల అడ్రసులున్నాయి. వాటిలో దాదాపు అన్నీ జీమెయిలే. ఈద్ రోజో, దసరా రోజో, ఫీజు గడువు ముందో ఆఫీసు నుంచి ఆరువేల మెయిళ్లు ఒక్కసారిగా కొట్టారు.

అదే రోజు, అదే కాలేజీ అడ్రస్ నుంచి ఇంకొక్క మెయిల్ పోవాలి. హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఒక అమ్మాయికి నౌకరీ ఇచ్చింది. చేరే ముందు ఆమె చదువు నిజమా కాదా అని తఫ్తీష్ చేసే సంస్థ కాలేజీకి రాసింది: 'ఈమె మీ దగ్గర చదివిందా? జవాబు కాలేజీ అధికారిక మెయిల్ నుంచే ఇవ్వండి, మూడు రోజుల్లో ఇవ్వండి.' క్లర్కు పాపం మంచివాడు, వెంటనే జవాబు టైపు చేసి పంపాడు. అది ఆరువేల శుభాకాంక్షల వెనక నిలబడింది. లేదా గంట కోటా దాటిపోయింది కాబట్టి సర్వర్ ఆపేసింది. లేదా మెయిల్ పోయింది గానీ, పొద్దున్నుంచి ఆ సర్వర్ చేసిన గోల చూసి అవతలివాడు దాన్ని స్పామ్‌లో పడేశాడు.

మూడు రోజులు గడిచాయి. తఫ్తీష్ చేసేవాళ్లు 'కాలేజీ నుంచి జవాబు లేదు' అని రాసుకున్నారు. ఆ అమ్మాయి నాన్న ఆటో తోలుకుంటాడు. ఆయనకు సర్వర్ అంటే ఏంటో తెలియదు. 'మా ఫైలు ఎందుకు ఆగింది' అని కాలేజీ చుట్టూ తిరుగుతాడు. క్లర్కు 'నేను పంపేశాను సాబ్' అంటాడు. ఇద్దరూ సచ్ చెబుతున్నారు. మధ్యలో ఒక క్యూ ఉంది, దాన్ని ఎవరూ చూడలేదు.

గల్ఫ్‌లో పనికి పోయేవాడి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తస్దీఖ్ అయినా, బయటి దేశంలో చదువుకు లెక్చరర్ రాసే సిఫారిష్ లెటర్ అయినా హాల్ ఇదే. వాట్సాప్ వచ్చాక ఈమెయిల్ ఎవరు చూస్తారు అనేవాళ్లకు నా జవాబు: ముచ్చట్లకు వాట్సాప్, అధికారిక కాగితానికి ఈమెయిల్. ఖాందాన్ల ఖిస్మత్ తిరిగే కాగితాలు ఇప్పటికీ ఈమెయిల్ మీదే ప్రయాణం చేస్తాయి.

దీనికి తోడు హమ్‌సాయా హక్ సంగతి ఉంది. చవక హోస్టింగ్‌లో పదులకొద్దీ, వందలకొద్దీ వెబ్‌సైట్లు ఒకే సర్వర్ మీద, ఒకే ఐపీ అడ్రస్‌తో ఉంటాయి. బయటి ప్రపంచానికి వాళ్లంతా ఒకే ఇంటివాళ్లు. అందులో ఒక ట్రావెల్స్ ఆయన పదివేల మెయిళ్లు ఊదితే ఆ ఐపీకి బద్‌నామ్ వస్తుంది. పక్క గదిలో రోజుకు నాలుగు మెయిళ్లు పంపే రైస్‌మిల్లు ఆయన బిల్లు కూడా స్పామ్‌లో పడుతుంది. ఒకడి దావత్‌లో మైకు మోగితే మొహల్లా మొత్తానికి నిద్ర పోయినట్టే.

లెక్క వేసి చూపిస్తాను

'మెల్లగా పంపితే ఎప్పటికి పోతాయి' అని అడుగుతారు. హిసాబ్ చేద్దాం. జీమెయిల్‌కు సెకనుకు ఒక్కటి చొప్పున పంపితే ఆరువేల మెయిళ్లకు ఆరువేల సెకన్లు. అంటే 100 నిమిషాలు. రెండు సెకన్లకు ఒకటి అంటే 3 గంటల 20 నిమిషాలు. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే మొదటి లెక్కన పదీ నలభైకి, రెండో లెక్కన అర్ధరాత్రి దాటి ఇరవై నిమిషాలకు అయిపోతాయి. ఫీజు గడువు మెయిల్‌కు ఈ 100 నిమిషాలు ఫరక్ తెస్తాయా? ఈద్ ముబారక్ రాత్రి తొమ్మిదింటికి బదులు పదిన్నరకు వస్తే బర్కత్ తగ్గుతుందా?

లైన్లు వేరయితే ఆ 100 నిమిషాల్లో మిగతా దారులన్నీ ఖుల్లా. యాహూ అడ్రసులు మూడువందలుంటే వాటి లైన్లో అవి అదే వేగంతో ఐదు నిమిషాల్లో పోతాయి. తఫ్తీష్ సంస్థకు పోయే ఒక్క ఖత్ క్షణంలో పోతుంది.

ఇక్కడ ఒక తెలివైన సవాల్ వస్తుంది: 'ఆ ఒక్క ఖత్ కూడా జీమెయిల్‌కే పోవాల్సి ఉంటే? అదీ ఆరువేల వెనకే కదా?' సరైన ప్రశ్న. దానికి జవాబు రెండో గీత. మూకుమ్మడి మెయిల్‌కు ఒక దారి, మనిషి మనిషికి రాసే ఖత్‌కు ఇంకో దారి. ప్రకటనలు పంపే అడ్రస్ వేరే పెట్టి, ఆ అడ్రస్ నుంచి వచ్చేవన్నీ మెల్లగా పోయే దారికి మళ్లించాలి. ఆలస్యం ఆ దారికే పెట్టాలి. ప్రిన్సిపాల్ అడ్రస్ నుంచి పోయే మెయిల్‌ను ఆపే అవసరం లేదు.

ఇదంతా కొనాల్సిన మాల్ కాదు, ముఫ్త్‌గా దొరుకుతుంది. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్‌ను వీట్సే వెనెమా ఐబీఎం రీసెర్చ్‌లో ఉన్నప్పుడు రాశాడు. 1998 డిసెంబర్‌లో అది లోకానికి వచ్చింది. అది మొదటినుంచీ ఊరు చూసి లైన్ కడుతుంది. ఒక గమ్యానికి ఒకేసారి ఎన్ని తలుపులు తట్టాలో దానికి లెక్కుంది. మొదట 5తో మొదలుపెడుతుంది, అవతలివాడు బాగా తీసుకుంటుంటే పెంచుతుంది, మామూలుగా 20 దాటదు. అవతల ఇబ్బంది కనిపిస్తే తగ్గిస్తుంది. 2.5 వెర్షన్‌లో 'డెస్టినేషన్ రేట్ డిలే' అనే సెట్టింగ్ కూడా వచ్చింది. ఒకే గమ్యానికి పోయే రెండు మెయిళ్ల మధ్య ఎన్ని సెకన్లు ఆగాలో అందులో రాస్తారు. అది ఫ్యాక్టరీ నుంచి సున్నాగా వస్తుంది. అంటే ఎవరూ ముట్టుకోకపోతే అసలు ఆగదు. ఆ సున్నాను మార్చడానికి రెండు మూడు లైన్లు రాస్తే చాలు. మన భాయీలు చేయంది ఆ పని.

ఒక బారీక్ విషయం కూడా తెలుసుకోండి. పోస్ట్‌ఫిక్స్ లైన్ కట్టేది యాట్ గుర్తు తర్వాతి పేరును బట్టి. ఒక కంపెనీ సొంత పేరుతో మెయిల్ పెట్టుకుని, దాన్ని గూగుల్ దగ్గరే నడిపిస్తుంటే, మన సర్వర్ దాన్ని వేరే ఊరు అనుకుంటుంది. నిజానికి ఆ తలుపు కూడా గూగుల్‌దే. అందుకని లిస్టులో అలాంటి పేర్లు ఎక్కువుంటే వాటినీ కలిపి చూసుకునే జిమ్మేదారీ సర్వర్ నడిపేవాడిదే.

మెల్లగా పోవడంలో ఆపే మౌఖా ఉంది

జోరుగా కొట్టడంలో ఉన్న పెద్ద ఐబు ఏమిటంటే, తప్పు తెలిసేసరికి పని అయిపోయి ఉంటుంది. లిస్టులో సగం అడ్రసులు పాతవి, చచ్చినవి అనుకోండి. ఇరవై తలుపులు ఒకేసారి తడుతూ పోతే, 'ఇలాంటివాడు లేడు' అన్న జవాబులు వందలకొద్దీ వచ్చిపడేసరికి మన ఐపీ పేరు ఖరాబ్ అయిపోయింది. సెకనుకు ఒకటి చొప్పున పోతుంటే మొదటి రెండు నిమిషాల్లోనే తెలుస్తుంది. వందలో నలభై వాపస్ వచ్చాయి, ఏదో గడ్‌బడ్ ఉంది, ఆపు. పంపిన నోటీసులో తేదీ తప్పు పడిందని ఎవరో ఫోన్ చేసినా, ఇంకా ఐదువేల తొమ్మిదివందలు చేతిలోనే ఉంటాయి.

ఆపే మౌఖా లేని వేగం ఏం చేస్తుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. 2018 జులైలో బీదర్ జిల్లా ముర్కి దగ్గర, పిల్లల దొంగలు అనే వాట్సాప్ పుకారు నమ్మిన గుంపు హైదరాబాద్ నుంచి వెళ్లిన మన యువకుణ్ణి కొట్టి చంపింది. ఆ పుకారు గ్రూపు నుంచి గ్రూపుకు ఎంత జోరుగా పాకిందో, దాన్ని ఖండించే నిజం అంత జోరుగా పాకలేదు. ఆ వారంలోనే వాట్సాప్ భారత్‌లో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెట్టింది. ఈమెయిల్ శుభాకాంక్షలనూ ఆ ఖూన్‌నూ ఒకే తరాజులో వేయడం లేదు. ఒక్క సబక్ చెబుతున్నాను: సందేశం మోసే యంత్రానికి కాస్త సబర్ నేర్పడం పిరికితనం కాదు, అక్లమందీ.

అంకె ఒక్కటే పెడితే ఏమవుతుందో చూశాం

అందరికీ ఒకే అంకె పెట్టే ఖానూన్ ఎలా ఉంటుందో ఈ దేశం ఒకసారి చూసింది. 2011 సెప్టెంబర్ 27 నుంచి ట్రాయ్ ఒక సిమ్‌కు రోజుకు 100 ఎస్ఎంఎస్‌లు అని హద్దు పెట్టింది. నిషానా టెలీమార్కెటింగ్ వాళ్లు. దెబ్బ పడింది స్నేహితులకు రాసుకునే పిల్లలకు, పార్టీల, సంఘాల కార్యకర్తలకు. నవంబర్ కల్లా ఆ అంకెను 200 చేయాల్సి వచ్చింది. 2012 జులైలో ఢిల్లీ హైకోర్టు, వ్యాపారం కోసం కాకుండా పంపుకునే ఎస్ఎంఎస్‌ల మీద ఆ హద్దు చెల్లదని చెప్పింది. 'నువ్వు ఎన్ని పంపావు' అని మాత్రమే అడిగే ఖానూన్, 'ఎవరికి పంపావు, ఎందుకు పంపావు' అని అడగదు. 'గంటకు ఇన్ని' అనేది అదే ఖానూన్‌కు తమ్ముడు.

గమ్యం చూసి హద్దు పెట్టడం దానికి భిన్నం. అది మీ నోరు మూయదు. అవతలి తలుపు ఎంత వెడల్పో చూసి అంతే జోరుగా పొమ్మంటుంది.

మిర్యాలగూడ టోకెన్లు మరిచిపోలేదు

ఇప్పుడు నా మాటకు ఎదురు నిలిచే గట్టి దలీల్ దగ్గరికి వస్తాను. అది మన ఇలాఖాలోనే పుట్టింది.

2020లో సర్కార్ నియంత్రిత సాగు పేరుతో సన్న రకాలు వేయమంది. రైతులు వేశారు. కోతలు ఒక్కసారిగా వచ్చేసరికి సన్న వడ్ల ట్రాక్టర్లన్నీ మిర్యాలగూడ మిల్లుల వైపే కదిలాయి. రద్దీ తట్టుకోలేక టోకెన్లు పెట్టారు. టోకెన్ ఉంటేనే మిల్లుకు బండి. కాగితం మీద అది అచ్చంగా నేను అడుగుతున్నదే: గమ్యం ఎంత తీసుకోగలదో అంతే పంపడం. మరి రైతు ఏమన్నాడు? టోకెన్ కోసం రాత్రింబవళ్లు లైన్లు కట్టాడు, రోడ్డెక్కాడు. వడ్లు కోసినవి కోసినట్టే ఉన్నాయి, తేమ చూసి ధర కోస్తారన్న ఖౌఫ్ ఉంది, చేతిలో టోకెన్ లేదు.

ఆ రైతు గుస్సా హక్‌లోంచి వచ్చింది. కాబట్టి 'లైన్ పెట్టాం కదా, ఇన్సాఫ్ అయిపోయింది' అని ఎవడైనా అంటే నేను ఒప్పుకోను. లైన్ ఇన్సాఫ్ కావాలంటే మూడు షరతులు. నిలబడ్డవాడికి తన నంబర్ తెలియాలి. ఆగితే పాడయ్యే సరుకుకు ముందు దారి ఉండాలి. లైన్ నడిపేవాడు అడిగిన రోజు హిసాబ్ చూపాలి.

మెయిల్ క్యూకు కూడా ఇవే షరతులు. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా పోని మెయిల్‌ను 5 రోజులు దాచుకుని ప్రయత్నిస్తుంది. మధ్యలో 'మీ మెయిల్ ఇంకా పోలేదు' అని పంపినవాడికి చెప్పే సెట్టింగ్ ఉంది గానీ అది ఫ్యాక్టరీ నుంచి బంద్‌గా వస్తుంది. అంటే మన క్లర్కు సోమవారం పంపిన జవాబు పోలేదని అతనికి శనివారం తెలుస్తుంది. గడువు గురువారంతోనే ముగిసింది. ఆ సెట్టింగ్ తెరిచి నాలుగు గంటలు అని రాస్తే, సాయంత్రానికే క్లర్కుకు ఖబర్ అందుతుంది. ఫోన్ చేసి చెప్పుకుంటాడు, ఇంకో దారి వెతుక్కుంటాడు. దాచిన క్యూ ధోకా, చూపిన క్యూ అమానత్. మెల్లగా పంపమని అడిగే నోటితోనే, ఆగిన సంగతి దాచొద్దని కూడా అడగాలి.

వాళ్ల బహానాలు

మొదటి బహానా: 'గూగుల్ దాదాగిరీకి మనమెందుకు తలవంచాలి?' ఇందులో కొంత నిజం ఉంది. 2023 అక్టోబర్‌లో గూగుల్, యాహూ కలిసి షరతులు ప్రకటించాయి. 2024 ఫిబ్రవరి నుంచి, జీమెయిల్‌కు రోజుకు 5,000 దాటి పంపేవాళ్లు ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు పహచాన్ ముద్రలు పెట్టుకోవాలి. ప్రచారం మెయిల్‌లో ఒక్క నొక్కుతో లిస్టు నుంచి బయటపడే దారి ఇవ్వాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. మనల్ని అడిగి పెట్టినవి కావు. చిన్న ఊరి సర్వర్ ఫిర్యాదు చేస్తే వినే కిటికీ కూడా కష్టం. ఆ తాకత్ కొద్దిమంది చేతుల్లో పోగుపడటం నాకూ నచ్చదు. కానీ ఒక మాట. జీమెయిల్ పుట్టింది 2004 ఏప్రిల్ 1న. గమ్యం చూసి మెల్లగా పోయే అదబ్ పోస్ట్‌ఫిక్స్‌లో దానికి ఐదేళ్ల ముందే ఉంది. అది గూగుల్‌కు సలామ్ కాదు, తలుపు తట్టే తమీజ్. పైగా ఆ 0.3 అంటే వెయ్యిమందిలో ముగ్గురు. వెయ్యిమందికి పంపితే ముగ్గురు విసిగి స్పామ్ అని నొక్కినా ఖతర్ గీత దగ్గరకొచ్చినట్టే. అడగనివాడికి పంపడం ఎంత మహంగా పడుతుందో అర్థం చేసుకోండి.

రెండో బహానా: 'గిరాకీ ఇప్పుడే పంపమంటాడు, డబ్బులిచ్చాడు.' భాయ్, ఆయన డబ్బులిచ్చింది మెయిల్ చేరడానికి. బయటికి తోసేయడానికి కాదు. ఆరువేలు పది నిమిషాల్లో పోయి నాలుగువేలు స్పామ్‌లో పడితే అది ఖిద్మత్ కాదు. 100 నిమిషాల్లో పోయి ఇన్‌బాక్స్‌లో కూర్చుంటే అది ఖిద్మత్. గిరాకీకి ఆ ఫరక్ సమ్‌ఝాయించడం కూడా మీ పనిలో భాగమే.

మూడో బహానా: 'ఇవన్నీ పెద్ద కంపెనీలు చేసేవి, ఛోటా ఊళ్లో మాకెక్కడ కుదురుతుంది?' తమిళనాడులో తెన్‌కాశి పక్క పల్లె నుంచి జోహో సాఫ్ట్‌వేర్ తయారు చేస్తోంది. మన కోదాడ, సూర్యాపేట దానికంటే మారుమూలేమీ కావు, హైవే మీదే ఉన్నాయి. కావాల్సింది ఊరి సైజు కాదు, పని మీద ధ్యాస.

నాలుగో బహానా: 'అంత తలనొప్పి ఎందుకు, మామూలు జీమెయిల్ నుంచే పంపుకోమనండి.' మామూలు జీమెయిల్ ఖాతాకు రోజుకు 500 మంది హద్దు, డబ్బు కట్టే వర్క్‌స్పేస్ ఖాతాకు 2,000 మెయిళ్లు. దాటితే ఒక రోజు వరకూ పంపడం బంద్. అంటే మళ్లీ అదే ఒంటి అంకె, అదే ఒంటి లైన్. ప్రకటనలతో కోటా అయిపోతే, ఆ రోజు ప్రిన్సిపాల్ రాయాల్సిన తస్దీఖ్ లెటర్ కూడా బంద్.

మనం అడగాల్సినవి

అజీజ్ దోస్తులారా, ఇది అమ్మేవాళ్ల మీద వదిలేస్తే మారదు. స్కూల్ కమిటీలో ఉన్నవాళ్లు, దుకాణం నడిపేవాళ్లు, కాలేజీలో పనిచేసేవాళ్లు మనలో ఎంతోమంది ఉన్నారు. ఏటా రెన్యువల్ డబ్బు కట్టే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు డబ్బు చేతిలో పట్టుకుని ఐదు సవాళ్లు అడగండి.

ఒకటి, మా మెయిళ్లు గమ్యాన్ని బట్టి వేరువేరు లైన్లలో పోతాయా, అన్నీ కలిపి ఒకే అంకెనా?

రెండు, ప్రకటనల దారి, ఖత్‌ల దారి వేరు చేశారా?

మూడు, అవతలివాడు 'తర్వాత రా' అంటే మీ సర్వర్ వెనక్కి తగ్గుతుందా, అదే జోరుతో మళ్లీ కొడుతుందా?

నాలుగు, మెయిల్ ఆగితే మాకు ఎన్ని గంటల్లో చెబుతారు? క్యూ మాకు చూపిస్తారా?

ఐదు, మా సర్వర్ మీద ఉన్న పక్కవాడు గోల చేస్తే మా పేరు ఎలా కాపాడతారు?

వీటికి జవాబు చెప్పగలిగినవాడు వెయ్యి రూపాయలు ఎక్కువ అడిగినా ఇవ్వండి, అది హలాల్ మెహనత్. 'అన్‌లిమిటెడ్ ఉంది కదా సార్' అని నవ్వేవాడు ముఫ్త్‌గా ఇచ్చినా తీసుకోకండి.

మన వైపు కూడా ఒక జిమ్మేదారీ ఉంది. ఫోన్ నంబరుతోపాటు దొరికిన ప్రతి ఈమెయిల్‌నూ లిస్టులో కలిపేసే ఆదత్ మానాలి. పంపొద్దన్నవాణ్ణి ఆ రోజే తీసేయాలి. వాపస్ వచ్చిన అడ్రస్‌ను మళ్లీ తట్టకూడదు. సర్వర్‌కు సబర్ నేర్పి, మన లిస్టుకు నేర్పకపోతే ఫాయిదా లేదు.

రద్దీ విజయవాడ రోడ్డు మీద ఉంటే మిర్యాలగూడ బస్సును ఆపొద్దు. ఇంత సీదా మాటను సర్వర్‌లో రాయడానికి రెండు మూడు లైన్లు చాలు. ఆ లైన్లు రాయడానికి బద్ధకించేవాడి వల్ల ఏ బిడ్డ నౌకరీ కూడా ఆగకూడదు.